కంపెనీ పోయింది, బండి ఉంది

కళింగపట్నంలో చీకటి పడగానే దీపస్తంభం వెలుగుతుంది. 1876 నాటి నుంచీ ఈ మొగ దగ్గర ఓడల కోసం దీపం పెడుతూనే ఉన్నారు. ఓడలే రావడం మానేశాయి. వంశధార సముద్రంలో కలిసే ఈ చోట ఒకప్పుడు లంగరు వేసి సరుకు ఎత్తుకునే రేవు ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం ఆఖర్న రైలు ఆమదాలవలస మీదుగా పోయింది, సరుకు దాని వెంట పోయింది. 1933లో విశాఖలో పెద్ద రేవు తెరిచారు, మిగిలిన కాస్తా అటే పోయింది. ఇప్పుడు దీపం కింద చేపల పడవలూ, సాయంత్రం పూట ఫొటోలు దిగే కాలేజీ పిల్లలూ. ఎగువన శాలిహుండం కొండ మీద బౌద్ధుల స్తూపాలు ఇలాంటివి ఎన్ని చూశాయో. పోయినవాటికి మా వైపు కొదవ లేదు.

ఆ దీపస్తంభం దగ్గర గోడ మీద కూర్చునే మా మేనల్లుడు నన్ను ట్రాక్టరు సంగతి అడిగాడు.

వాడికి మూడెకరాల పల్లం, ఎకరం పైచిలుకు జీడిమామిడి తోట. పెద్ద బండి వాడికి పనికిరాదు. చెట్ల మధ్య తిరగదు, మడిలో దిగితే గట్లు తెగ్గొడుతుంది. ఇరవై హార్స్‌పవర్‌కి అటూ ఇటూగా ఉండే చిన్న బండి చాలు. దమ్ము పడుతుంది, రోటావేటరు లాగుతుంది, ఉభాలయ్యాక (వరి నాట్లని మా వైపు ఉభాలంటాం) తోటలో తిరుగుతుంది, ఖాళీ రోజుల్లో కిరాయికి పోతుంది. నాలుగు కంపెనీల కాగితాలు చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. ధరెంత, డీజిలు ఎంత తాగుతుంది, లిఫ్టు ఎన్ని కిలోలు ఎత్తుతుంది, కిస్తీ ఎన్నాళ్లు, అన్నీ బట్టీ పట్టేశాడు.

"ఎనిమిదేళ్లు పోయాక అమ్మితే ఎంతొస్తాదిరా?" అన్నాను.

"కొనకముందే అమ్మకం మాటేటి మావా!" అని నవ్వాడు.

"పోనీ, అప్పటికి ఆ కంపెనీ ఉంటాదా అని అడిగేవా?"

నవ్వు ఆగిపోయింది. వాళ్ల నాన్న గుర్తొచ్చి ఉంటాడు.

వాళ్ల నాన్న, అంటే మా బావ, చాలా ఏళ్ల కిందట ఒక చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఆ కంపెనీ పేరు రాయను. రాసినా గుర్తుపట్టేవాళ్లు తక్కువ. రెండు జతల ఎడ్లు అమ్మి, పైన అప్పు చేసి కొన్నాడు. బండిని అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయించాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మా అప్ప హారతిచ్చింది (మా వైపు అక్కని అప్ప అంటాం). నాలుగేళ్లు బండి వంక పెట్టడానికి లేకుండా నడిచింది. ఒకరోజు పట్నంలో డీలరు బోర్డు మారింది. అదే షాపులో వేరే రంగు ట్రాక్టర్లు నిలబడ్డాయి. పాత బండికి సామాను కావాలంటే మొదటేడు "తెప్పిస్తాం" అన్నారు, రెండో ఏడు "చూస్తాం" అన్నారు, మూడో ఏడు ఫోను ఎత్తలేదు. సరిగ్గా ఉభాల నెలలో క్రౌన్ పినియన్ పళ్లు విరిగాయి. లేతు షాపులో వెల్డింగు పెట్టించి పళ్లు కోయించాడు. ఒక పంట గడిచింది. మళ్లీ విరిగింది. ఎడ్లు తిరిగి కొనుక్కునే ఓపిక అప్పటికి లేదు.

ఆ బండి ఇంకా వాళ్ల పాకలోనే ఉంది. స్టీరింగు మీద కోళ్లు పడుకుంటాయి. ఎవరైనా వచ్చి జాలిగా చూస్తే బావ ఒకటే మాటంటాడు: "కంపెనీ పోనాది గాని బండి ఉంది గదా." అబద్ధమేం కాదు. బ్యాటరీ తగిలించి కాస్త డీజిలు పోస్తే ఇంజను ఇప్పటికీ అందుకుంటుంది. ఆ బలం చక్రం దాకా చేరదు, అంతే.

మా బావది ఒక పాకలో ఇమిడే కథ. ఇదే కథ దేశమంతా చూస్తుండగా ఒక ప్రభుత్వ కంపెనీకి జరిగింది. దాని పేరు దాచక్కర్లేదు, మంచీ చెడ్డా రెండూ బహిరంగమే. హెచ్ఎంటీ.

ఆ పేరు తెలియని తెలుగిల్లు నా తరంలో లేదు. 1953లో బెంగళూరులో హిందుస్థాన్ మెషిన్ టూల్స్‌గా పుట్టింది. ఫ్యాక్టరీలకు కావలసిన యంత్రాలను తయారుచేసే ఫ్యాక్టరీ అది. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో చేతి వాచీలు మొదలుపెట్టింది. పెళ్లికొడుక్కి మామగారు వాచీ పెడతానంటే ఏ వాచీ అని ఎవరూ అడిగేవారు కారు. హైదరాబాద్‌లోనూ దాని కర్మాగారాలుండేవి, యంత్రాలు ఒకచోట, బేరింగులు ఇంకోచోట. అందులో ఉద్యోగం వచ్చిందంటే పిల్లనివ్వడానికి క్యూ కట్టేవారు.

ట్రాక్టర్ల పని 1971లో మొదలైంది, హర్యానాలోని పింజోర్‌లో. చండీగఢ్ దాటి సిమ్లా వైపు వెళ్లే దారిలో, కొండలు మొదలయ్యే చోట ఉంటుంది ఆ ఊరు. చెకోస్లొవేకియాలో బ్రనో అనే ఊరి జెటార్ కంపెనీ నమూనా ఇచ్చింది. మొదటి బండి 2511. ఆ అంకెల్లో మొదటి రెండూ దాని బలం, ఇరవై అయిదు హార్స్‌పవర్. తరవాత 3511 వచ్చింది, 5911 వచ్చింది. అంకె చూసి బలం చెప్పేయచ్చు. ఇప్పటి బండ్లకు పెట్టే సినిమా పేర్లకన్నా నాకు ఆ పద్ధతే ఇష్టం.

అప్పటి రోజులు వేరు. ట్రాక్టరు కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి కాచుక్కూర్చోవాలి. రష్యా నుంచీ, చెకోస్లొవేకియా నుంచీ, రొమేనియా నుంచీ బండ్లు దిగుమతయ్యేవి. వాటిని పంచడానికి రాష్ట్రాల్లో ఆగ్రో ఇండస్ట్రీస్ కార్పొరేషన్లు పెట్టారు. మన ఆగ్రోస్ 1968లో వచ్చింది. గిరాకీ ఎంత ఉండేదంటే చేతికొచ్చిన బండిని మర్నాడే లాభానికి అమ్ముకోవచ్చు. 1971లో కేంద్రం ట్రాక్టర్ల పంపిణీకీ అమ్మకానికీ నియంత్రణ ఉత్తర్వే తేవాల్సి వచ్చింది. అలాంటి కరువులో, పైన సర్కారు ముద్రతో, పింజోర్ బండి బయటికొచ్చింది. ఈ కంపెనీ ఉంటుందా పోతుందా అని అడిగినవాణ్ణి చూసి జనం నవ్వి ఉండేవారు. గవర్నమెంటు పోతుందా?

ఈ కథలో నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఇంకొకటుంది. జెటార్‌ను తెచ్చుకునే నాటికే మన ఇంజనీర్లు ఒక ట్రాక్టరు తయారుచేశారు. బెంగాల్లోని దుర్గాపూర్‌లో, సీఎంఈఆర్ఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో, 1960ల నడిమిన పని మొదలుపెట్టి, పరాయి డ్రాయింగు ముట్టుకోకుండా ఇరవై హార్స్‌పవర్ బండి గీసి, చేసి, నడిపి చూపించారు. పేరు స్వరాజ్. కేంద్రం దాన్ని కాదని జెటార్ నమూనాను హెచ్ఎంటీకి అప్పగించింది. కొత్తగా గీసిన దానికంటే అప్పటికే పొలాల్లో తిరుగుతున్న విదేశీ నమూనా భద్రమనుకున్నారు. దిక్కులేని ఆ డ్రాయింగుల్ని పంజాబ్ రాష్ట్ర ప్రభుత్వం తీసుకుంది. పంజాబ్ ట్రాక్టర్స్ అనే కంపెనీ పెట్టి, చంద్రమోహన్ అనే ఇంజనీరు చేతిలో పెట్టింది. 1974లో మొహాలీ నుంచి స్వరాజ్ 724 రోడ్డెక్కింది.

పింజోర్‌కీ మొహాలీకీ మధ్య గంట ప్రయాణం. ఒకే నేల, ఒకే గోధుమ చేలు, ఒకే రైతులు. ఒక కంపెనీ ఢిల్లీకి ముద్దుబిడ్డ, రెండోది ఢిల్లీ వద్దన్న బిడ్డ. ముద్దుబిడ్డ 2016లో పోయింది. వద్దన్న బిడ్డ 2007లో మహీంద్రా చేతికి వెళ్లింది గాని దాని పేరు పోలేదు, బండి ఆగలేదు, ఇవాళ మా శ్రీకాకుళం పొలాల్లో దమ్ము పడుతోంది. నలభై ఏళ్ల కిందట ఈ రెండింటి మీదా పందెం కాయమంటే నేనైతే హెచ్ఎంటీ మీదే కాసి ఉండేవాణ్ణి. మా బావ లాంటివాళ్ల తెలివి తక్కువదని అనడానికి అందుకే నాకు నోరు రాదు.

హెచ్ఎంటీ ఎందుకు పడింది? ఇనుము నాసిరకమై మాత్రం కాదు. ఆ బండి నడిపినవాళ్లు దాని బరువునీ, బురదలో దాని పట్టునీ ఇప్పటికీ పొగుడుతారు. లైసెన్సుల కాలం 1990ల మొదట్లో ముగిసింది. సోనాలికా వచ్చింది, న్యూ హాలండ్ వచ్చింది, జాన్ డీర్ వచ్చింది. మహీంద్రా, టాఫే, ఎస్కార్ట్స్ ఊరూరా డీలర్లను పెట్టి, అప్పు కూడా షోరూములోనే ఇప్పించడం నేర్చుకున్నాయి. కొత్త మోడళ్లు, తేలిక గేర్లు, మెత్తటి సీట్లు. పింజోర్‌లో ప్రతి రూపాయికీ ఢిల్లీ వైపు చూడాలి. మెషిన్ టూల్సూ నష్టమే, వాచీలూ నష్టమే. ఇంట్లో అందరూ మంచాన పడితే వంట చేసేదెవరు?

కంపెనీ చావు ఒక్కరోజులో రాదు, దానికో వరస ఉంటుంది. చేతిలో డబ్బు తగ్గితే ముందు సామాను ఇచ్చేవాళ్లకు బాకీ పడుతుంది. వాళ్లు సరుకు ఆపుతారు. సరుకు లేక బండ్లు తగ్గుతాయి. డీలరు దగ్గర బండి లేకపోతే రైతు పక్క షాపుకి పోతాడు. అమ్మకం లేని డీలరు బోర్డు పీకేస్తాడు. అతనితో స్పేరు పార్టులు పోతాయి, మెకానిక్ పోతాడు. ఊళ్లో ఉన్న పాత బండ్ల ధర పడిపోతుంది. అది చూసి కొత్తది కొందామనుకున్నవాడు ఆగుతాడు. అమ్మకం ఇంకా తగ్గుతుంది. మళ్లీ మొదటికి. ఈ చక్రం తిరగడం మొదలైతే ఆపేవాడు ఉండాలి, లేకపోతే దానంతటదే ఆగదు. పునరుద్ధరణ అన్నారు, కాగితం మీద పథకాలు వచ్చాయి, జీతాలు మాత్రం రాలేదు.

2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్ఎంటీ వాచీలనూ, శ్రీనగర్ చినార్ వాచీలనూ, మన హైదరాబాద్‌లోని హెచ్ఎంటీ బేరింగ్స్‌నూ ఒకే రోజు మూసెయ్యడానికి ఒప్పుకుంది. అదే ఏడు అక్టోబరు 27న పింజోర్ ట్రాక్టర్ల వంతు వచ్చింది. మూసివేతకు 718.72 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆగిపోయిన జీతాలకూ, చట్టప్రకారం కట్టాల్సిన బాకీలకూ, స్వచ్ఛంద విరమణ పరిహారానికీ ఆ డబ్బు. నెలల తరబడి జీతం లేకుండా గేటు దాకా వెళ్లొచ్చిన కార్మికుడికి అది దక్కాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కంపెనీ పోయేటప్పుడు బాకీదారులందరికీ ఒక జాబితా ఉంటుంది. బ్యాంకులుంటాయి, ఉద్యోగులుంటారు, సరుకిచ్చినవాళ్లుంటారు. బండి కొన్న రైతు అందులో ఉండడు. అతను డబ్బంతా కట్టేసినవాడు. అతనికి ఎవరూ ఏమీ బాకీ లేరు.

అలాగని చేతులు మారిన కంపెనీలన్నీ కొన్నవాణ్ణి ముంచలేదు. ఈ తేడా తెలియకే చాలామంది భయపడకూడని చోట భయపడతారు, భయపడాల్సిన చోట పడరు. దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు ఐషర్, 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లో బయటికొచ్చింది. 2005లో ఆ వ్యాపారాన్ని చెన్నై టాఫే కొంది. పేరు ఉంచింది, బండ్లు చేస్తూనే ఉంది, పాత ఐషర్ రైతుకి నిద్ర చెడలేదు. వడోదరలో హిందుస్థాన్ ట్రాక్టర్లని ఒకటుండేది. గుజరాత్ ప్రభుత్వం చేతికీ, అక్కణ్ణుంచి 1999లో మహీంద్రా చేతికీ వెళ్లింది. ఆ మహీంద్రా పుట్టుక కూడా చిత్రమే. 1963లో అమెరికా ఇంటర్నేషనల్ హార్వెస్టర్ చెయ్యి పట్టుకుని ట్రాక్టర్లలోకి దిగింది. మన వైపు పాతకాలపు రైతులు బి-275ని "ఇంటర్నేషనల్" అనే పిలిచేవారు. ఆ ఇంటర్నేషనల్ 1902 నుంచీ ఉన్న మహాసంస్థ, షికాగో మహావృక్షం. సమ్మెలూ అప్పులూ కలిసి కూల్చేస్తే 1984-85లో తన ట్రాక్టర్ల వ్యాపారాన్ని కేస్ కంపెనీ యజమానులకు అమ్ముకుంది. అక్కడ చెట్టు కూలింది. ఇక్కడ పాతిన కొమ్మ వేళ్లు పట్టి ఉంది గనక మన రైతుకి ఆ సంగతే తెలియలేదు.

కాబట్టి యజమాని మారితే గుండెలు బాదుకోనక్కర్లేదు. డ్రాయింగులూ అచ్చులూ, సామాను చేసే వర్క్‌షాపులూ ఎవరి చేతికి వెళ్లాయన్నదే చూడాలి. హెచ్ఎంటీ దగ్గర ఆ గొలుసు తెగింది. ఆ బండ్లు ఎక్కువగా ఉన్న చోట్ల బయటి వర్క్‌షాపులు కొన్ని భాగాలు ఇంకా పోస్తున్నాయి. పదిమంది దగ్గరుంటే పదకొండోవాడికి సామాను దొరుకుతుంది. మండలానికంతా ఒక్క బండి ఉన్నవాడికి దొరకదు.

పెద్ద కంపెనీ అన్న ధీమా కూడా పూర్తిగా పనికిరాదు. 2024లో ఫోర్స్ మోటార్స్ ట్రాక్టర్ల తయారీ మానేస్తున్నామని ప్రకటించింది. ఆ కంపెనీకి ఏ లోటూ రాలేదు, వ్యాన్లూ ఇంజన్లూ చేసుకుంటోంది. ట్రాక్టర్లు దాని ఇంట్లో చిన్న గది, ఆ గదికి తాళం వేసింది. తోటల కోసమని ఆర్చర్డ్ పేరుతో చేసిన చిన్న బండి కూడా ఆ గదిలోనే ఉండేది. కంపెనీకి ట్రాక్టరే కూడు పెట్టేదా, పక్క వ్యాపారమా అన్నది మా మేనల్లుడి జేబులో కాగితాలు ఏవీ చెప్పలేదు.

ఇవన్నీ ముందుగా తెలిసేది ఎవరికంటే పాత బండ్ల బ్రోకరుకి. లెక్కల పుస్తకం అతను చదవడు. శ్రీకాకుళం వైపు ఒకాయన ఉన్నాడు, ఆయన బేరం చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. బండి ఇంకా వంద గజాల దూరంలో ఉండగానే బానెట్ మీద పేరు చూసి సగం ధర మనసులో కట్టేస్తాడు. మిగతా సగానికి దగ్గరికొస్తాడు. చల్లటి ఇంజను స్టార్టు చేయిస్తాడు, ముందే వేడి చేసి ఉంచితే ఒప్పుకోడు. పొగ నీలంగా ఉందా, నల్లగా ఉందా. లిఫ్టు మీద గొర్రు ఎత్తించి ఇంజను ఆపిస్తాడు, అది ఎంతసేపట్లో కిందికి జారుతుందో చూస్తూ చుట్ట ముట్టించుకుంటాడు. గేర్లన్నీ వేయించి చప్పుడు వింటాడు. టైర్లు, గంటల మీటరు, ఆర్సీలో సంవత్సరం, ఫైనాన్సు తీరినట్టు ఎన్ఓసీ. ఆఖర్న మడ్‌గార్డు రేకు మీద గోటితో గీకుతాడు.

"ఏ ఊరి బండి?" అన్నాడు ఆ రోజు.

"కళింగపట్నం."

"సముద్రం గాలి తిన్నాది," అని అయిదు వేలు తగ్గించాడు.

మాకిది మామూలే. ఉప్పుగాలి రేకునీ వైర్లనీ కొరుకుతుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021 సెప్టెంబరు 26న మా ఊరికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్, ఇవి తడిపిన బండ్లను పై ఊళ్లవాళ్లు అనుమానంగానే చూస్తారు. తీరం మీద కొనేవాడు అమ్మకం ధర మొదట్నుంచే తగ్గించుకుని లెక్క వేసుకోవాలి.

పాత బండి ధరకి మన చేతిలో లేని దెబ్బలు ఇంకా ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ పన్నెండు శాతం నుంచి అయిదుకి దిగింది. కొనేవాడికి పండగ. నెల ముందు కొన్నవాడి బండి ఒక్క గంట నడవకుండానే చవకైంది. సబ్సిడీ బండ్లు ఒక్కసారిగా ఊళ్లోకి దిగినప్పుడు కిరాయి రేటుకీ పాత బండి రేటుకీ ఇదే గతి.

రైతుకి ట్రాక్టరు సగం బంగారం లాంటిది. ఆస్పత్రికో అమ్మాయి పెళ్లికో పొలం అమ్మే ముందు బండి అమ్ముతాడు. కంపెనీ బతికున్నంత కాలం ఆ బంగారం బంగారంగానే ఉంటుంది. పోయిన మర్నాడు అదే బండిని కాటా మీద పెడతారు. ముందురోజు దున్నిన చేను ఇంకా తడారదు, బండి మాత్రం కిలోల లెక్కలోకి వచ్చేస్తుంది.

హెచ్ఎంటీ పేరు మాత్రం ఒక చోట పచ్చగా ఉంది. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే బడుగు రైతు 1980లలో తన మడిలో తేడాగా కనబడిన వరి కంకుల్ని ఏరి, ఏళ్ల తరబడి పండించి ఒక సన్న రకం నిలబెట్టాడు. అప్పుడందరి చేతికీ ఉండే వాచీ పేరే దానికి పెట్టారు. తెలంగాణలో హెచ్ఎంటీ బియ్యం అంటే అదే. ఖోబ్రగడే 2018లో పోయాడు. వాచీల కంపెనీ మూతపడింది, ట్రాక్టరు ఆగింది, వాళ్ల పేరు మీద వచ్చిన వడ్లు ఏటా మొలుస్తున్నాయి. ఇక పింజోర్‌లో హెచ్ఎంటీ స్థలంలో కొంత హర్యానా ప్రభుత్వానికి చేరింది. అక్కడ ఆపిల్ మార్కెట్ పెట్టారు.

మేనల్లుడికి ఏ కంపెనీ చెప్పానని అడుగుతారేమో. పేరు చెప్పలేదు. జహీరాబాద్‌లో మహీంద్రా ప్లాంటు 2013 నుంచీ నడుస్తోంది, 2023లో వచ్చిన ఓజా చిన్న బండ్లు అక్కడే చేస్తున్నారు. బెంగళూరు వీఎస్టీ 1967 నుంచీ చిన్న యంత్రాల మీదే బతుకుతోంది. ఎస్కార్ట్స్‌లో జపాను కుబోటా వచ్చి కూర్చుంది. ఇవి వాడికి తెలుసు. నేను చెప్పింది పని మాత్రమే. నీ మండలంలో ఆ మోడలు ఎంతమంది దగ్గరుందో తిరిగి లెక్కపెట్టు. పదేళ్ల పాత బండి ఉన్నవాడి దగ్గరికెళ్లి, క్లచ్ ప్లేటు కాకుండా గేరుబాక్సు సామాను ఎన్నాళ్లకొచ్చిందో అడుగు. బేరింగులూ నాజిళ్లూ టైర్లూ ఏ షాపులోనైనా దొరుకుతాయి, గేరూ హౌసింగూ లిఫ్టూ కంపెనీవే కావాలి. ఆ తరవాత బ్రోకరు దగ్గరికి పోయి కొనేవాడిలా కాకుండా అమ్మేవాడిలా ధర అడుగు.

వాడు నెల్లాళ్లు తిరిగాడు. జేబులో నాలుగు కాగితాల్లో రెండు చింపేశాడు. మిగతా రెండింటి మధ్య ఇంకా తేల్చుకోలేదు. ఉభాలు దగ్గర పడుతున్నాయి, ఈ ఏటికి కిరాయి బండే.

పోయిన వారం పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి బావ బండికి కిలో ఇంతని ధర చెప్పాడు. బావ ఇవ్వలేదు. మీ ఊళ్లో, మీ పెరట్లో హెచ్ఎంటీదో, ఇలాగే తల్లి కంపెనీ లేనిదో ఒక బండి ఉంటే, కాటా మీదికి ఎక్కించే ముందు ఒక్క ముక్క. దాని గేర్లూ, పినియనూ, లిఫ్టు హౌసింగూ విప్పి విడిగా పెట్టండి. చుట్టుపక్కల మెకానిక్‌లకు ఫోను చేసి చెప్పండి. ఎక్కడో ఒక పాకలో ఆ ఒక్క సామాను కోసం ఆగిపోయిన బండి ఉంటుంది.